సెన్సర్లతో ఇంటినీ భవనాన్నీ స్మార్ట్‌గా మలచుకునే విధానం

సెన్సర్ కొలిచేది ఒకటి, దాని నుంచి మనం తెలుసుకోవాలనుకునేది మరొకటి. కదలిక సెన్సర్ గదిలో వెచ్చనిదేదో కదిలిందని మాత్రమే చెప్పగలదు; మనం తెలుసుకోవలసింది అక్కడ మనిషి ఉన్నాడా లేడా అన్నది. తలుపు సెన్సర్ అయస్కాంతం దూరమైందని చెబుతుంది. తలుపు తెరుచుకుందని మనం అర్థం చేసుకుంటాం. ఈ రెండింటి మధ్య ఉన్న ఎడాన్ని ముందే గుర్తించి, దానికి తగిన ఏర్పాటు చేసిన ఇల్లు ఏళ్ల తరబడి సాఫీగా నడుస్తుంది. గుర్తించని ఇంట్లో కదలకుండా చదువుకుంటున్న మనిషి తలపై దీపం ఆరిపోతుంది, ఎవరూ లేని గదిలో ఏసీ నడుస్తూనే ఉంటుంది, చివరికి ఇంటిల్లిపాదీ విసిగిపోయి పరికరాలన్నిటినీ తీసి అటకెక్కిస్తారు.

ఆలోచన పాతదే. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో అధ్యాపకుడిగా పనిచేసిన వారెన్ జాన్సన్ 1883లో పేటెంట్ పొందిన విద్యుత్ పరికరం, గదిలో ఉష్ణోగ్రత మారగానే బాయిలరు దగ్గర ఉన్న పనివాడికి ఆ సంగతి తెలియజేసేది. కొలిచే భాగం, కబురు మోసే తీగ, నిర్ణయించి పని చేసే మనిషి: ఆ ఏర్పాటుకు ఇవే మూడు అంగాలు. నేటి స్మార్ట్ ఇంటికీ అంగాలు మూడే. తీగ స్థానంలో చాలాచోట్ల రేడియో తరంగం, మనిషి స్థానంలో చిన్న కంప్యూటరు, దాని ఆదేశంతో కరెంటును కలిపి తెంచే రిలే అనే మీట వచ్చాయి. మనిషితో పాటు అతని విచక్షణ కూడా పోయింది కాబట్టి, ఆ విచక్షణను మనమే ముందుగా ఆలోచించి నియమాల రూపంలో రాసిపెట్టాలి. అసలు శ్రమ అక్కడే ఉంది.

పరికరం కొనడానికి ముందు

ఒక్క సమస్యతో మొదలుపెట్టండి. ఇంట్లో మీకు నిజంగా ఇబ్బందిగా ఉన్నది ఏమిటో ఒక కాగితం మీద నాలుగు వాక్యాల్లో రాయండి: ఏం జరిగినప్పుడు, ఏ పరిస్థితిలో, ఏ పని జరగాలి, ఏదైనా చెడిపోతే ఇల్లు ఏ స్థితిలో ఉండాలి. నాలుగో వాక్యాన్ని చాలామంది రాయరు. నా దృష్టిలో మిగిలిన మూడింటికన్నా అదే ముఖ్యమైనది, ఎందుకంటే ఏ పరికరం ఎక్కడ కొనాలి, ఏది తీగతో ఉండాలి, ఏది ఇంటర్నెట్ లేకపోయినా పనిచేయాలి అనే ప్రశ్నలన్నిటికీ జవాబు అందులోనే దొరుకుతుంది. వరండా దీపం ఒక రాత్రి వెలగకపోతే పెద్ద నష్టం లేదు. నీటి మోటారు ఆగకపోతే నష్టం ఉంది. గ్యాస్ హెచ్చరిక మోగకపోతే ప్రాణాపాయం. ఈ మూడింటికీ ఒకే తరగతి పరికరం, ఒకే రకమైన నమ్మకం సరిపోవు.

ఇంకొక మాట. ఇంట్లో అతి తక్కువగా ఫోను వాడే వ్యక్తి ఎవరో గుర్తుంచుకుని ప్రతి ఏర్పాటూ చేయండి. గోడ మీది మీట ఎప్పటిలాగే పనిచేయాలి. యాప్ తెరిస్తే తప్ప దీపం వెలగని ఇల్లు, మునుపటికన్నా కష్టమైన ఇల్లే.

సెన్సర్ల స్వభావం, అవి ఉండవలసిన చోటు

కదలిక సెన్సర్లలో ఎక్కువగా వాడుకలో ఉన్నది పీఐఆర్ రకం, అంటే శరీరం వెలువరించే పరారుణ కిరణాలను పసిగట్టేది. మనిషి శరీరం సుమారు 9 నుంచి 10 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఎక్కువగా పరారుణ కిరణాలను వెలువరిస్తుంది. సెన్సర్ ముందున్న గీతల ప్లాస్టిక్ కటకం గదిని విసనకర్ర మడతల వంటి పట్టీలుగా విభజిస్తుంది; వెచ్చని శరీరం ఒక పట్టీ నుంచి మరొక పట్టీలోకి దాటినప్పుడు లోపలి రెండు గ్రాహకాల మధ్య తేడా పుట్టి సంకేతం వెలువడుతుంది. ఈ ఒక్క వివరం తెలిస్తే దాన్ని ఎక్కడ బిగించాలో తెలిసిపోతుంది. మనిషి సెన్సర్ వైపు నేరుగా నడిచి వచ్చే చోట కాక, దాని ముందు అడ్డంగా నడిచే చోట బిగించాలి. 2 నుంచి 2.5 మీటర్ల ఎత్తు సాధారణంగా అనువైనది. ఈ కిరణాలు మామూలు గాజు గుండా ప్రసరించవు కాబట్టి కిటికీ లోపలి నుంచి పెరటిని కనిపెట్టమంటే అది కనిపెట్టలేదు. గది ఉష్ణోగ్రత శరీర ఉష్ణోగ్రతకు దగ్గరయ్యే కొద్దీ దాని చురుకుదనం తగ్గుతుంది. ఏసీ గాలి తగిలే చోట, ఎండ పడే చోట పెడితే ఎవరూ లేకుండానే సంకేతాలు ఇస్తుంది.

కదలకుండా కూర్చున్న మనిషిని పీఐఆర్ గుర్తించదు. అందుకోసం వచ్చినవే 24 లేదా 60 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే చిన్న రాడార్ సెన్సర్లు. శ్వాస తీసుకునేటప్పుడు ఛాతీలో కలిగే స్వల్ప కదలికను కూడా ఇవి పసిగట్టగలవు. అయితే ఫ్యాను రెక్కలు, ఊగే తెర, పలుచని గోడకు అవతల నడిచే మనిషి కూడా వీటికి కనిపిస్తాయి. కాబట్టి బిగించిన వెంటనే గుర్తించే దూరాన్ని గది కొలతకు తగ్గించి, ఖాళీ గదిలో ఫ్యాను వేసి, తెరలు కదిలించి పరీక్షించాలి. నేను సిఫారసు చేసే పద్ధతి రెండింటినీ జతగా వాడటం: దీపం వెలిగించే నిర్ణయం త్వరగా స్పందించే పీఐఆర్‌ది, వెలిగిన దీపాన్ని నిలిపి ఉంచే నిర్ణయం రాడార్‌ది. స్నానాల గది వంటి ఒకే తలుపు ఉన్న చోట ఇంకా సులువైన ఉపాయం ఉంది. తలుపు మూసిన తర్వాత ఒక్కసారి కదలిక కనిపించినా లోపల మనిషి ఉన్నట్టే. తలుపు మళ్లీ తెరుచుకునే వరకు దీపం ఆర్పకూడదు. తలుపు సెన్సర్, మామూలు కదలిక సెన్సర్ కలిస్తే చాలు, ఖరీదైన రాడార్ అవసరం ఉండదు.

తలుపు సెన్సర్‌లో ఉండేది చాలావరకు రీడ్ స్విచ్. 1936లో బెల్ ప్రయోగశాలల్లో వాల్టర్ ఎల్‌వుడ్ రూపొందించిన ఈ చిన్న గాజు గొట్టంలో రెండు పలుచని లోహపు రేకులు ఉంటాయి. అయస్కాంతం దగ్గరైతే అవి కలుస్తాయి. అరుగుదల చాలా తక్కువ కాబట్టి సెన్సర్లన్నిటిలో నమ్మదగినది ఇదేనని చెప్పవచ్చు. ఇనుప తలుపుకు బిగించేటప్పుడు మాత్రం ఇనుము అయస్కాంత క్షేత్రాన్ని తనవైపు లాగుతుంది కనుక, మధ్యలో ప్లాస్టిక్ దిమ్మె వేసి దూరాన్ని సరిచూసుకోవాలి.

ఉష్ణోగ్రత సెన్సర్ విషయంలో కచ్చితత్వం కన్నా స్థానం ముఖ్యం. విరివిగా వాడే డీఎస్18బీ20 అనే సెన్సర్ మైనస్ 10 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ వరకు అర డిగ్రీ అటూ ఇటూగా చెబుతుంది. కానీ దాన్ని వై-ఫై పరికరం పెట్టెలోనే ఇరికిస్తే పెట్టె వేడి కలిసి రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపవచ్చు. ఎండ తగలని లోపలి గోడ మీద, నేల నుంచి సుమారు 1.5 మీటర్ల ఎత్తులో, టీవీకి, ఫ్రిజ్‌కు దూరంగా ఉంచండి. తేమ సెన్సర్ చూపేది సాపేక్ష ఆర్ద్రత. గాలిలో నీటి ఆవిరి మారకపోయినా గది వేడెక్కితే ఆ సంఖ్య తగ్గుతుంది. అందువల్ల స్నానాల గది గాలి పంకాను "ఆర్ద్రత 70 శాతం దాటితే" అనే నియమంతో నడిపితే వానాకాలంలో అది ఆగదు, చలికాలంలో అసలు తిరగదు. పక్క గదిలో ఇంకొక తేమ సెన్సర్ పెట్టి, రెండింటి తేడా 10 లేదా 15 శాతం దాటినప్పుడు పంకా తిరగాలని రాస్తే ఏ కాలంలోనైనా పనిచేస్తుంది.

కార్బన్ డయాక్సైడ్ కొలిచే సెన్సర్ కొనేటప్పుడు అది ఎన్‌డీఐఆర్ రకమో కాదో చూడాలి. ఆ వాయువు 4.26 మైక్రోమీటర్ల పరారుణ కాంతిని పీల్చుకుంటుంది. ఎంత కాంతి తగ్గిందో చూసి ఎంత వాయువు ఉందో చెప్పే పద్ధతి ఇది. తక్కువ ధరకు దొరికే కొన్ని పరికరాలు ఇతర వాయువులను కొలిచి, కార్బన్ డయాక్సైడ్ ఇంత ఉండవచ్చని అంచనా వేసి చూపుతాయి. వంట వాసనకో, అగరుబత్తి పొగకో ఆ అంచనా అమాంతం పెరిగిపోతుంది. బయటి గాలిలో ఈ వాయువు 420 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో ఇన్ని భాగాలు అని లెక్క) కాస్త పైన ఉంటుంది. మూసిన గదిలో 1,000 పీపీఎం దాటితే గాలి మార్పిడి చాలడం లేదని అర్థం చేసుకోవచ్చు. ఈ సెన్సర్లలో చాలావరకు, తాము కొన్ని రోజులకొకసారైనా స్వచ్ఛమైన గాలిని చూస్తామని భావించి తమ కొలతను తామే సరిదిద్దుకుంటాయి. ఎప్పుడూ ఖాళీ కాని గదిలో, కిటికీలు తెరవని చోట ఆ భావన తప్పవుతుంది; కొలత క్రమంగా దారి తప్పుతుంది. అటువంటి చోట ఆ సదుపాయాన్ని ఆపివేసి, అప్పుడప్పుడు ఆరుబయటకు తీసుకువెళ్లి సరిచూడాలి.

పొగ, కార్బన్ మోనాక్సైడ్, వంటగ్యాస్ విషయంలో నా అభిప్రాయం గట్టిది: ప్రయోగాల కోసం అమ్మే చిన్న సెన్సర్ పలకలను ప్రాణరక్షణకు వాడకూడదు. ప్రమాణ పరీక్షలు నెగ్గిన, తనలోనే సైరను, బ్యాటరీ ఉన్న హెచ్చరిక పరికరాన్నే కొనాలి; ఫోనుకు కబురు పంపడం దాని అదనపు పని మాత్రమే కావాలి. ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన సిలిండరు గ్యాస్ గాలికన్నా బరువైనది కాబట్టి డిటెక్టర్ నేలకు దగ్గరగా ఉండాలి. గొట్టాల ద్వారా వచ్చే సహజవాయువులో ప్రధానమైన మీథేన్ గాలికన్నా తేలిక కాబట్టి అక్కడ పైకప్పుకు దగ్గరగా ఉండాలి. గ్యాస్ లీకైనప్పుడు గాలి పంకా దానంతటదే తిరిగేలా చేయాలన్న ఆలోచన సహజంగానే వస్తుంది. దయచేసి చేయకండి. మామూలు పంకా మోటారులోనో, దాని రిలేలోనో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు, మంట అంటుకోవడానికి. సైరను మోగడం, గ్యాస్ వాల్వు మూసుకోవడం వరకే యంత్రానికి అప్పగించాలి. మూసుకున్న వాల్వును తిరిగి తెరిచే పని మనిషి చేత్తోనే జరగాలి. పొగ హెచ్చరిక పరికరాన్ని 10 ఏళ్లకు, కార్బన్ మోనాక్సైడ్ పరికరాన్ని దాని మీద రాసి ఉన్న గడువుకు మార్చివేయాలి, ఎందుకంటే లోపలి విద్యుత్ రసాయన ఘటం వాడినా వాడకపోయినా క్షీణిస్తుంది.

నీటి ట్యాంకు మట్టాన్ని కొలిచే అల్ట్రాసానిక్ సెన్సర్ శబ్దం వెళ్లి తిరిగివచ్చే కాలాన్ని లెక్కిస్తుంది. 20 డిగ్రీల దగ్గర శబ్దవేగం సెకనుకు 343 మీటర్లు. ప్రతి డిగ్రీకి సుమారు 0.6 మీటరు పెరుగుతుంది, కాబట్టి ఎండలో కాగిన ట్యాంకులో ఉష్ణోగ్రతను కూడా లెక్కలోకి తీసుకోవాలి. చాలా సెన్సర్లు తమకు మరీ దగ్గరగా, అంటే 20 సెంటీమీటర్లలోపు వచ్చిన నీటిని సరిగా గుర్తించలేవు, ట్యాంకు నిండే ఘడియలో తప్పు చెబుతాయి. అందువల్ల మోటారును ఆపే బాధ్యత దాని ఒక్కదాని మీదే పెట్టకూడదు. ట్యాంకు అంచున నీటితో పాటు పైకి తేలి పనిచేసే ఒక మామూలు ఫ్లోట్ స్విచ్ పెట్టి, దాని తీగను మోటారు స్టార్టరుకు నేరుగా కలపాలి. కంప్యూటరు, రేడియో, సాఫ్ట్‌వేరు అన్నీ చెడినా అది మోటారును ఆపుతుంది. వీటికి తోడు, ట్యాంకు నిండటానికి పట్టే సమయానికి కాస్త ఎక్కువగా ఒక గరిష్ఠ కాలపరిమితి నియమం కూడా రాయండి.

వెలుతురు సెన్సర్ గురించి ఒక్క జాగ్రత్త చాలు. తాను నియంత్రించే దీపపు కాంతి దాని మీద నేరుగా పడకూడదు. పడితే దీపం వెలగగానే వెలుతురు చాలునని ఆర్పివేసి, ఆరగానే చీకటైందని మళ్లీ వెలిగిస్తూ ఉంటుంది.

విద్యుత్తును తాకే భాగం

ఇక్కడ తొందర పనికిరాదు. మీటల పెట్టెలో చేసే పనిని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. మీరు తెలుసుకోవలసినవి మాత్రం కొన్ని ఉన్నాయి. స్మార్ట్ మీట తనకు కావలసిన కరెంటును ఎప్పుడూ తీసుకుంటూ ఉండాలి కాబట్టి చాలా రకాలకు న్యూట్రల్ తీగ, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, అవసరం. పాత ఇళ్లలో మీటల పెట్టెలోకి ఫేజ్ తీగ మాత్రమే వచ్చి ఉంటుంది. న్యూట్రల్ అక్కరలేదని చెప్పే రకాలు దీపం గుండానే స్వల్ప కరెంటును పంపుతాయి, దానివల్ల కొన్ని ఎల్‌ఈడీ దీపాలు ఆర్పిన తర్వాత కూడా మసకగా వెలుగుతూనో, మినుకుమంటూనో ఉంటాయి. కొత్తగా ఇల్లు కట్టేవారు ప్రతి మీటల పెట్టెకూ న్యూట్రల్ తీగ లాగించి, పెట్టె లోతు కాస్త ఎక్కువ ఉండేలా చూసుకుంటే తర్వాతి సగం కష్టాలు తప్పుతాయి.

రిలే మీద 10 ఆంపియర్లు అని రాసి ఉంటే, అది సాధారణంగా హీటరు వంటి భారానికి చెప్పిన లెక్క. ఇండక్షన్ మోటారు మొదలయ్యే క్షణంలో తన మామూలు కరెంటుకు ఐదు నుంచి ఏడు రెట్లు లాగుతుంది. ఆ తాకిడికి రిలే లోపల తాకి విడిపోయే లోహపు కొసలు అతుక్కుపోతే మీరు ఆపమన్నా మోటారు ఆగదు. మోటారు, గీజరు వంటి పెద్ద భారాలకు తగిన కాంటాక్టర్, అంటే పెద్ద కరెంటును తట్టుకునే రిలే, పెట్టి, స్మార్ట్ రిలే ఆ కాంటాక్టర్‌లోని తీగచుట్టను మాత్రమే నడిపేలా చేయాలి. కరెంటు వాడకాన్ని కొలవడానికి తీగ చుట్టూ బిగించే సీటీ క్లాంప్ వాడేటప్పుడు ఒక్క ఫేజ్ తీగనే దాని మధ్య ఉంచాలి. రెండు తీగలనూ కలిపి ఉంచితే ఒకదాని క్షేత్రం మరొకదాన్ని రద్దు చేసి సున్నా చూపుతుంది. కరెంటు పారుతుండగా దాని అవతలి కొసలను ఊడదీసి వదిలేయకూడదు, అక్కడ ప్రమాదకరమైన వోల్టేజీ పుట్టవచ్చు.

కబురు ప్రయాణించే దారి

వై-ఫై ఇప్పటికే ఇంట్లో ఉంది కదా అని అన్నిటినీ దాని మీదే పెట్టాలనిపిస్తుంది. కరెంటు సరఫరా ఉన్న ప్లగ్గులకు, కెమెరాలకు అది సరే. బ్యాటరీతో నడిచే చిన్న సెన్సర్లకు కాదు, ఎందుకంటే ప్రతి కబురుకూ రూటరుతో మళ్లీ అనుసంధానం కావడానికే బ్యాటరీ శక్తి చాలావరకు ఖర్చవుతుంది. జిగ్‌బీ, థ్రెడ్ అనేవి తక్కువ శక్తితో పనిచేయడానికి రూపొందిన రేడియో పద్ధతులు. రెండూ ఐఈఈఈ 802.15.4 ప్రమాణం మీద నిర్మించినవే. వీటిలో కరెంటుతో నడిచే పరికరాలు ఇతరుల కబుర్లను కూడా అందుకుని ముందుకు పంపుతాయి, బ్యాటరీ పరికరాలు పంపవు. కాబట్టి ముందుగా ప్లగ్గులు, మీటలు, దీపాలు బిగించి, ఆ తర్వాతే సెన్సర్లను వాటి వాటి స్థానాల్లో ఉంచి జతచేయాలి. జిగ్‌బీ దీపాన్ని గోడ మీటతో ఆర్పితే అది మోస్తున్న దారి కూడా తెగిపోతుందని గుర్తుంచుకోవాలి.

వై-ఫై, జిగ్‌బీ, థ్రెడ్ మూడూ 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని పంచుకుంటాయి. వై-ఫై 1, 6, 11 ఛానళ్ల మధ్య మిగిలే ఖాళీల్లోకి జిగ్‌బీ 15, 20, 25, 26 ఛానళ్లు వస్తాయి; వాటిలో ఒకటి ఎంచుకుంటే చాలా ఇబ్బందులు మొదలు కాకముందే తీరిపోతాయి. అయితే 26వ ఛానల్‌లో కొన్ని పరికరాలు తక్కువ శక్తితోనే ప్రసారం చేస్తాయి కనుక ముందు 15, 20, 25లను ప్రయత్నించడం మంచిది. యూఎస్‌బీ 3.0 పోర్టులు ఇదే పట్టీలో రేడియో రొదను వెలువరిస్తాయి. జిగ్‌బీ కబుర్లు అందుకునే యూఎస్‌బీ పరికరాన్ని కంప్యూటరుకు నేరుగా గుచ్చకుండా ఒక మీటరు పొడిగింపు తీగతో దూరంగా పెట్టండి. కారణం తెలియకుండా మధ్యమధ్య మాయమయ్యే సెన్సర్ల బాధకు చాలా ఇళ్లలో ఇదే మందు. జీ-వేవ్ అనే మరో రేడియో పద్ధతి ఒక గిగాహెర్ట్జ్ లోపు పట్టీలో పనిచేస్తుంది కనుక ఈ రద్దీ దానికి లేదు, గోడలను కూడా బాగా దాటుతుంది. కానీ ఆ పౌనఃపున్యం ఒక్కో దేశంలో ఒక్కో విధంగా ఉంటుంది, వేరే దేశంలో కొన్న పరికరం మీ దగ్గర పనిచేయకపోవచ్చు.

మ్యాటర్ అన్నది వీటికి పోటీగా వచ్చిన రేడియో కాదు. వేర్వేరు సంస్థల పరికరాలు ఒకే భాష మాట్లాడటానికి 2022 అక్టోబరులో తొలి రూపం విడుదలైన ప్రమాణం అది. వై-ఫై, ఈథర్నెట్, థ్రెడ్‌ల మీద నడుస్తుంది. కొత్తగా కొనేవారు ఆ గుర్తు ఉన్నవాటికి ప్రాధాన్యం ఇవ్వడం మంచిది. గోడలు ఇంకా మూయని ఇంట్లో మాత్రం నా సలహా వేరు: తీగ వేయగలిగిన చోట తీగే వేయండి.

నిర్ణయం ఎక్కడ జరగాలి

కొన్ని పరికరాలు ప్రతి సంకేతాన్నీ ఎక్కడో దూరాన ఉన్న సర్వరుకు పంపి, అక్కడి నిర్ణయాన్ని తెచ్చుకుని దీపం వెలిగిస్తాయి. ఇంటర్నెట్ ఆగితే ఇల్లు కూడా ఆగుతుంది. అంతకుమించిన చిక్కు ఇంకొకటి ఉంది. రివాల్వ్ అనే హబ్‌ను, అంటే ఇంటి పరికరాలన్నిటినీ కలిపి నడిపే పెట్టెను, తయారుచేసిన సంస్థను నెస్ట్ అనే స్మార్ట్ పరికరాల సంస్థ 2014లో కొనుగోలు చేసింది, 2016 మేలో దాని సేవలను నిలిపివేసింది. ఆ రోజుతో, ఏ లోపమూ లేని హబ్‌లు పనికిరాకుండా పోయాయి. కాబట్టి కొనేముందు ఒక ప్రశ్న అడగండి: ఇంటర్నెట్ తీగ పీకేస్తే ఇది పనిచేస్తుందా? విక్రేత తడబడితే, అది ముఖ్యమైన పనికి తగినది కాదు.

ఇంట్లోనే నిర్ణయాలు తీసుకునే ఏర్పాటుకు 2013లో మొదలైన హోమ్ అసిస్టెంట్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు చిన్న కంప్యూటరు మీద కూడా నడుస్తుంది. సొంతంగా సెన్సర్లు తయారుచేసుకునేవారికి ఈఎస్‌పీ32 అనే వై-ఫై చిప్, పరికరాలు కబుర్లు పంచుకునే ఎంక్యూటీటీ సందేశ పద్ధతి చక్కని జత. ఎంక్యూటీటీని 1999లో ఆండీ స్టాన్‌ఫోర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ చమురు గొట్టపుమార్గాలను ఉపగ్రహం ద్వారా గమనించడానికి రూపొందించారు. దారి ఇరుకైనా, మధ్యలో తెగినా తట్టుకునే గుణం దానికి అందుకే వచ్చింది. అందులో ఒక పరికరం హఠాత్తుగా మాయమైతే దాని తరఫున ప్రకటించవలసిన వీలునామా సందేశాన్ని ముందే నమోదు చేసుకోవచ్చు. తప్పక వాడండి. అయితే "మోటారు ఆన్" వంటి ఆదేశాలను నిల్వ ఉంచే సందేశాలుగా పంపకూడదు. కరెంటు పోయి వచ్చిన తర్వాత పరికరం మళ్లీ అనుసంధానమైనప్పుడు ఆ పాత ఆదేశమే అందుకుని అర్ధరాత్రి మోటారు మొదలవుతుంది.

నియమాలు రాసేటప్పుడు ప్రతి ఆన్‌కూ ఆఫ్‌కూ మధ్య కాస్త ఎడం ఉంచాలి. 27 డిగ్రీలు దాటితే ఏసీ వేయాలి, 27కు తగ్గితే ఆపాలి అని రాస్తే అది నిమిషానికోసారి ఆగి మొదలవుతూ కంప్రెసర్‌ను పాడుచేస్తుంది. 27 దగ్గర వేసి 25.5 దగ్గర ఆపాలి, ఆపిన తర్వాత కనీసం మూడు నిమిషాలు మళ్లీ వేయకూడదు. మనిషి చేత్తో మీట నొక్కితే కొంతసేపు యంత్రం తన నియమాన్ని పక్కన పెట్టాలి. చివరగా, ప్రతి సెన్సర్‌కూ దాని చివరి కబురు ఎప్పుడు వచ్చిందో చూసే నియమం ఉండాలి. బ్యాటరీ అయిపోయిన తలుపు సెన్సర్ నెల రోజులుగా "తలుపు మూసి ఉంది" అనే చూపుతూ ఉండవచ్చు. కబురు రాకపోవడాన్ని కూడా ఒక కబురుగా పరిగణించే ఇల్లే నమ్మదగినది.

పెద్ద భవనాల్లో

కార్యాలయాలు, ఆసుపత్రుల వంటి చోట్ల సూత్రాలు ఇవే అయినా సాధనాలు వేరు. గాలి, చల్లదనం యంత్రాలకు 1995లో ప్రమాణంగా వెలువడిన బ్యాక్‌నెట్, మీటర్లకు, పంపులకు 1979 నాటి మోడ్‌బస్, దీపాలకు ఒక లైను మీద 64 పరికరాల వరకు నడపగల డాలీ, మీటలకు, తెరలకు కేఎన్‌ఎక్స్ అనే సమాచార పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ది ఎడ్జ్ అనే కార్యాలయ భవనంలో సుమారు 28,000 సెన్సర్లు ఉన్నాయి. అవి ఎక్కడ మనుషులున్నారో తెలుసుకుని దీపాలను, గాలిని తదనుగుణంగా సర్దుతాయి. అంత పెద్ద ఏర్పాటుకు వెళ్లే ముందు నేను చేయమనేవి రెండు పనులు. సమావేశ గదుల్లో కార్బన్ డయాక్సైడ్ కొలతను బట్టి తాజా గాలి పరిమాణం మారేలా చేయడం మొదటిది. మనుషులు నిండినప్పుడు, ఖాళీ అయినప్పుడు అవసరం అంత తేడాగా ఉండే చోటు మరొకటి లేదు. రెండోది, భవనాన్ని అప్పగించుకునే ముందు ప్రతి సెన్సర్ దగ్గరకూ చేతి కొలత పరికరంతో వెళ్లి, అక్కడ కనిపించే సంఖ్యనూ తెర మీది సంఖ్యనూ పోల్చి చూడడం. మూడో అంతస్తు సెన్సర్ పేరు నాలుగో అంతస్తు గదికి తగిలించిన చోట, ఎంత గొప్ప సాఫ్ట్‌వేరు అయినా తప్పు గదినే చల్లబరుస్తుంది. పేర్లు పెట్టే పద్ధతిని, అంటే అంతస్తు, గది, పరికరం, కొలత అనే వరుసను, మొదటి తీగ లాగకముందే నిర్ణయించాలి.

భద్రత, గోప్యత

2016లో మిరాయ్ అనే హానికర సాఫ్ట్‌వేరు కెమెరాలు, రూటర్ల వంటి పరికరాల్లోకి, తయారీదారు పెట్టిన పాస్‌వర్డులనే ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నిస్తూ చొరబడింది. అక్టోబరు 21న, వెబ్‌సైట్ల పేర్లను వాటి ఇంటర్నెట్ చిరునామాలతో కలిపే డిన్ సంస్థ సర్వర్ల మీద జరిగిన దాడికి ఆ పరికరాల దండునే వాడటంతో ఎన్నో ప్రసిద్ధ వెబ్‌సైట్లు గంటల తరబడి అందలేదు. ఆ తర్వాత 2020లో వచ్చిన ఐరోపా ప్రమాణం ఈటీఎస్‌ఐ ఈఎన్ 303 645లో మొదటి నిబంధన అందరికీ ఒకే పాస్‌వర్డు ఉండకూడదన్నదే. కాబట్టి పెట్టెలోంచి తీయగానే పాస్‌వర్డు మార్చండి, సాఫ్ట్‌వేరును తాజా పరచండి, స్మార్ట్ పరికరాలను రూటరులోని వేరే నెట్‌వర్కులో ఉంచండి. బయటి నుంచి ఇంటిని చూడాలంటే వీపీఎన్ అనే గుప్త దారి వాడాలి తప్ప రూటరులో పోర్టులు, అంటే బయటి నుంచి లోపలికి వచ్చే ద్వారాలు, తెరిచిపెట్టకూడదు.

గోప్యతను పాస్‌వర్డు ఒక్కటే కాపాడదు. నిమిషం నిమిషం నమోదైన కరెంటు వాడకం చూస్తే ఇంట్లో ఎవరు ఎప్పుడు లేచారో, ఎప్పుడు ఇల్లు తాళం వేసి ఉందో చెప్పవచ్చు. పడకగదిలో, స్నానాల గదిలో కెమెరాకు, మైకుకు చోటు లేదు. అక్కడి అవసరాలన్నీ తలుపు, కదలిక, తేమ సెన్సర్లతో తీరతాయి. ఇంట్లో పనిచేసేవారికి, వచ్చిపోయే చుట్టాలకు, అద్దెకుండేవారికి ఏ సెన్సర్ ఎక్కడుందో ముందే చెప్పడం మన బాధ్యత.

అప్పగించే ముందు పరీక్ష

అన్నీ బిగించాక ఒక సెలవు రోజు చూసుకుని ఇంటిని కావాలని చెడగొట్టి చూడండి. మొదట ఇంటర్నెట్ తీగ పీకి అన్ని దీపాలు, మోటారు, హెచ్చరికలు పరీక్షించాలి. తర్వాత రూటరును ఆపాలి. ఆ తర్వాత హబ్‌ను ఆపి గోడ మీటలన్నీ నొక్కి చూడాలి. చివరగా మెయిన్ స్విచ్ దించి, కొంతసేపటికి ఎత్తి, ఏ పరికరం ఏ స్థితిలో మేల్కొంటుందో ఒక్కొక్కటిగా రాసుకోవాలి; పడకగది దీపాలు, హీటరు, మోటారు ఆఫ్ స్థితిలోనే లేవాలి, ఫ్రిజ్ ప్లగ్గు ఆన్ స్థితిలో లేవాలి. ఈ అమరిక చాలా పరికరాల్లో ఉంటుంది, కానీ ఎవరూ తెరిచి చూడరు.

హబ్ అమరికల నకలును వేరే చోట భద్రపరచండి. మీటల పెట్టె లోపలి తలుపుకు ఒక కాగితం అతికించి, ఏ రిలే దేన్ని నడుపుతుందో, దాన్ని తప్పించి నేరుగా ఎలా నడపాలో, ఏ సెన్సర్‌లో ఏ బ్యాటరీ ఎప్పుడు వేశారో రాయండి. మోటారుతో తిరిగే నీటి వాల్వును నెలకొకసారి మూసి తెరవాలి, లేకపోతే అది పేరుకున్న మట్టితో బిగుసుకుపోయి అవసరమైన రోజున కదలదు. పొగ హెచ్చరిక మీట కూడా అదే రోజున నొక్కి చూసి, తేదీని ఆ కాగితం మీదే వేయండి.